తాళ్ళకు దండం

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నర్సయ్య గల్ఫ్‌లో, ముఐథర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే, గుమ్మంలో నిలబడే, "అన్నా, ఖతం. ఎగ్జిట్ కొట్టిచ్చిన. వచ్చే వారం ఇంటికి పోతున్న, మళ్ల రాను" అన్నాడు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఇన్నేళ్ళుగా తనదైన మంచాన్ని ఆ ఉదయమే ఎవరికో అప్పగించి వచ్చాడట. లోపలికి తీసుకొచ్చి ఏసీ కింద కూర్చోబెట్టాను. నా భార్య సుగుణ వంటింట్లోంచే కేకేసింది: "రావయ్యా తమ్ముడూ, ఇవాళ చేపల పులుసు. తినకుండా కదిలావంటే ఊరుకోను."

"తినెటందుకే వచ్చిన వదినా, అన్న మాటలు ఇనెటందుకు గాదు."

నర్సయ్యను చూడగానే నాకు సముద్రం గుర్తొస్తుంది. వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం ఒక యాట్ మీద అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్యన ఉన్న అజోర్స్ దీవులకు వెళ్ళాం. అవి అగ్నిపర్వతాలు కక్కిన దీవులు. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కంపెనీ బస్సులో సైటుకు పోయే మనిషి, గ్యారేజీలో డీజిల్ ఇంజన్లు విప్పే మనిషి యాట్ ఎక్కడమేమిటని నవ్వుతారు. జుక్కల్ వైపు నర్సయ్య సొంతూళ్ళో గల్ఫ్ అంతా దుబాయే కనుక, ఆ దీవులు ఎక్కడని ఎవరైనా అడిగితే "దుబాయ్ అవతల, జెర దూరం" అని చెప్పి ఊరుకుంటాడట.

ఆ ప్రయాణానికి కారకుడు డిర్క్. అతను డచ్ ఇంజనీరు, ఇక్కడ రేవులో పూడిక తీసే పనుల మీద చాలాకాలం ఉన్నాడు. పంపు మొరాయిస్తే మా గ్యారేజీకి పంపేవాడు, పంపిన గంటకు తానే వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని నా చేతులకేసి చూస్తుండేవాడు. నర్సయ్య అతని సైటులో పరంజాలు కట్టేవాడు. గాలి ఎంత కొట్టినా పైన నిలబడి పాటలు పాడతాడని పేరు. ఉద్యోగం విరమించాక డిర్క్ పోర్చుగల్‌లో ఒక పాత తెరచాప యాట్ కొని, దాన్ని దీవులకు నడిపించుకుపోవాలనుకున్నాడు. అతనూ అతని భార్య మార్తా ఇద్దరూ అరవై దాటినవాళ్ళు, సాయం కావాలి. ఇంజనుకు నన్నూ, తాళ్ళకూ తెరచాపలకూ నర్సయ్యనూ అడిగాడు. నర్సయ్య కంపెనీ మేనేజరు డిర్క్ స్నేహితుడు. అతను సెలవిస్తూ ఒక మాట అన్నాడట: "నువ్వు మంచి పనివాడివని డిర్క్ అంటే వచ్చి ఫోర్‌మన్ కుర్చీలో కూర్చో. కాదంటే ఇక్కడికి రాకు, ఎయిర్‌పోర్టు నుంచి అటే మీ ఊరికి పో." నర్సయ్య ఆ మాటను జేబులో పెట్టుకుని పడవ ఎక్కాడు. నేను మాత్రం రెండు సంచుల హేతువాద పుస్తకాలతో ఎక్కాను.

నా పుస్తకాల సంగతి చెప్పాలంటే మా పెదనాన్న సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాలో మాది క్రైస్తవ కుటుంబం. పెదనాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, ఆయన దగ్గరికి వెళితే ఎప్పుడూ టింక్చరు వాసన, దాని వెనక చుట్ట వాసన. ఆదివారం ఉదయం అందరితోపాటు చర్చికి వెళ్ళేవాడు, సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద వాదసభ నడిపేవాడు. దయ్యాలు, జాతకాలు, కులం, స్వస్థత ప్రార్థనలు, ఆయన ముందు దేనికీ మినహాయింపు లేదు. ఒక్కొక్కరికి కొంత సమయం, దానికి ఆయన చేతి గడియారమే సాక్షి. ఓడినవాడు లేచి నిలబడి, అందరికీ వినబడేలా "ఒప్పుకున్నాను" అనాలి. అనకపోతే వచ్చే వారం అరుగెక్కనిచ్చేవాడు కాదు. కులం తక్కువని ఎవరినైనా కింద కూర్చోబెడితే ఆయనే వెళ్ళి వాళ్ళ పక్కన మట్టిలో కూర్చునేవాడు. నాకున్న కాస్త బుద్ధీ ఆ అరుగు మీద వచ్చిందే. అయితే నేను అక్కడ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఓడిపోలేదని కాదు. ఓటమి కనబడగానే విషయం మార్చే విద్య నాకు చిన్నప్పుడే పట్టుబడింది.

యాట్ లోపల ఇరుకైన సంసారం. తెల్లవారగానే డీజిల్ వాసన, దాని మీద డిర్క్ కాచే చిక్కటి కాఫీ వాసన, ఎండ ఎక్కేసరికి మార్తా చిన్న పొయ్యిలో కాల్చే గోధుమ రొట్టె వాసన. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి, చివర గ్లాసెడు మంచినీళ్ళతో కడగాలి. రెండో గ్లాసు తీసుకుంటే మార్తా కళ్ళద్దాల పైనుంచి చూసేది. పొయ్యి పడవతోపాటు ఊగుతుంది, అన్నం ఒక పక్క ఉడికి ఇంకో పక్క పలుకుగా ఉండేది. నర్సయ్య తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా మూత తీస్తే పడవంతా మెంతుల ఘాటు. మొదటి రోజు ముక్కు మూసుకున్న మార్తా మూడో రోజుకు రొట్టె మీద వెన్నకు బదులు తొక్కు రాసుకుంది. డిర్క్ మధ్యాహ్నం రేడియోలో వాతావరణం వినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, చెంచా చప్పుడు కూడా కాకూడదు. అన్నం ముందు పెట్టుకుని నలుగురం దొంగల్లా కూర్చునేవాళ్ళం.

నర్సయ్య రోజు ఇంకోలా మొదలయ్యేది. మొహం కడుక్కుని, లుంగీ ఎగగట్టి, పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టేవాడు. ప్రతి తాడునూ, ప్రతి కప్పీనీ, తాడును పడవకు కలిపే ప్రతి ఇనుప షాకిల్‌నూ కుడిచేత్తో పట్టుకుని, బొటనవేలు దాని చుట్టూ తిప్పి, ఆ చేతిని కళ్ళకద్దుకునేవాడు. తెరచాప కొయ్య దగ్గర నుదురు ఆనించేవాడు. మా వైపు ఏడాదికోసారి దసరాకు పనిముట్లకు చేసేది ఇతను రోజూ చేస్తున్నాడు. అరగంట పట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నర్సయ్యా, ఆ తాడు ఫ్యాక్టరీలో చేసింది. నైలాన్. దానికి చెవులున్నాయా?"

"లేవన్నా."

"కళ్ళు?"

"అవీ లేవు."

"మరి దండం ఎవరికి?"

"తాడుకే."

"ఎందుకయ్యా?"

"మీదికెక్కితే నన్ను పట్టుకునేది గదే గద!"

నేను వదల్లేదు. లిస్బన్ రేవులో పడవ సిద్ధం చేస్తున్నప్పుడు మొదలుపెట్టి, నడిసముద్రంలోకి వచ్చినా కొనసాగించాను. భయం నుంచి పూజ ఎలా పుట్టిందో, పూజ నుంచి పూజారి ఎలా పుట్టాడో, పూజారి నుంచి పేదవాడి దరిద్రం ఎలా పుట్టిందో, అతను కప్పీ తుడుస్తుంటే ఒక పక్క నుంచి, తాడు చుడుతుంటే ఇంకో పక్క నుంచి చెప్పాను. సముద్రంలో నాలుగో రోజు పొద్దున నర్సయ్య చేయి దించేసి, "సరే అన్నా, నువ్వు గెలిచినవ్. ఇగ పెట్ట" అన్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. నా మాట విని ఒక మనిషి ఒక మూఢాచారం మానుకోవడం అదే మొదటిసారి. పెదనాన్నకు ఉత్తరం కూడా రాయడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి నర్సయ్య చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచి తాళ్ళను చూసుకుంటూ తిరిగేవాడు. చెయ్యి వేస్తే నేనెక్కడ నవ్వుతానో అని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, పికో దీవి శిఖరం మబ్బుల పైన కనబడింది. కింద భూమి లేదు, మబ్బులే ఉన్నాయి, వాటి పైన నల్లటి కొండ కొస ఒక్కటే ఉంది. అందరం దానికేసి చూస్తున్నాం. పెద్ద తెరచాప అడుగున అడ్డంగా ఉండే బరువైన దూలాన్ని బూమ్ అంటారు. దాన్ని అదుపులో ఉంచే తాడు ఒకే ఒక్క షాకిల్‌తో పడవకు తగిలించి ఉంటుంది. గాలి ఒక్క ఉదుటున కొట్టేసరికి ఆ షాకిల్ ఊడి, బూమ్ ఈ వైపు నుంచి ఆ వైపుకు తిరిగింది. మార్తా వంగి ఉంది కనుక ఆమె తల మీదుగా పోయింది. డిర్క్ భుజానికి తగిలింది. అతను కూలబడ్డాడు. నర్సయ్య ఒక్క గెంతులో బూమ్‌ను వాటేసుకుని, ఏం చేశాడో నాకు తెలియదు, తాడుతో కట్టిపడేశాడు. నేను ఇంజను వేయడానికి కిందికి పరిగెత్తాను. పైకొచ్చేసరికి నర్సయ్య ఊడిన షాకిల్ చేతిలో పట్టుకుని చూస్తున్నాడు.

"దీని పిన్ను తిరగకుండ సన్న తీగ చుట్టి ఉంటదన్నా. దండం పెట్టినప్పుడల్ల ఆ తీగ కొస బొటనేలుకు కుచ్చుతుండె. తెగింది ఎప్పుడో, ముట్టుకోక తెల్వలే." నన్ను చూడకుండానే అన్నాడు.

ఫయాల్ దీవిలోని హోర్తా రేవుకు చేరాక డాక్టరు డిర్క్ చెయ్యిని మెడకు వేలాడదీసి కట్టు కట్టాడు. మర్నాడు ఉదయం రేవు గట్టు మీద కాఫీ తాగుతూ డిర్క్ నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పాడు. తాళ్ళ బాధ్యత నర్సయ్యది, ఒక షాకిల్ నాలుగు రోజులు చూడకుండా వదిలేసినవాణ్ణి ఇంకా లోతు సముద్రానికి తీసుకుపోలేను, ఇక్కడి నుంచి విమానం ఎక్కిస్తాను అని. నర్సయ్య తలొంచుకుని, "తప్పు నాదే సార్" అన్నాడు. ఇంగ్లీషులో అతనికి బాగా వచ్చిన కొద్ది మాటల్లో అదొకటి. ఫోర్‌మన్ కుర్చీ, ఆ కంపెనీలో చోటు, గల్ఫ్‌లో ఉండడం, అన్నీ ఆ మాటతో పోతున్నాయి. విషయం మార్చే విద్య వచ్చినవాణ్ణి కదా, అప్పుడు కూడా మనసు వెతుకుతూనే ఉంది. తీగ నాణ్యత బాగాలేదనవచ్చు. గాలి అనవచ్చు. అవన్నీ అబద్ధాలు కూడా కావు. లేచి నిలబడ్డాను. ముందు తెలుగులో "ఒప్పుకున్నాను" అన్నాను, డిర్క్‌కూ మార్తాకూ అర్థం కాలేదు. తరువాత ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. అతను రోజూ చేత్తో తడిమి చూసేవాడని, నేను దాన్ని పూజగానే చూశానని, ఎగతాళి చేసి మాన్పించానని.

డిర్క్ కాఫీ కప్పు గట్టు మీద పెట్టాడు. "అంటే నా పడవ మీద, పని చేసేవాడికి, వాడి పని గురించి పని తెలియనివాడు పాఠం చెప్పాడన్న మాట" అన్నాడు. అంతకంటే గట్టి దెబ్బ మార్తా కొట్టింది. "శుక్రవారం బయల్దేరితే చెడు జరుగుతుందని డిర్క్ లిస్బన్‌లో ఒక రోజంతా కూర్చోబెట్టాడు. పడవ మీద ఈల వేస్తే తుఫాను వస్తుందని నేను నిన్ను రెండుసార్లు మందలించాను. వాటి మీద నువ్వు మాతో ఒక్క ముక్క వాదించలేదేం?"

దానికి నా దగ్గరున్న జవాబు చెప్పుకోదగ్గది కాదు: వాళ్ళు యజమానులు, నర్సయ్య పరంజా కట్టేవాడు. కులం మీద అరుగెక్కి అరిచిన నేను, వాదించడానికి నాకంటే కింద ఉన్నవాణ్ణే ఎంచుకున్నాను.

డిర్క్ నర్సయ్యను పంపలేదు. నాకు శిక్ష వేశాడు. మిగిలిన ప్రయాణమంతా రోజూ పొద్దున నర్సయ్య వెనకే తిరిగి, అతను చెయ్యి వేసినచోటల్లా నేను కూడా చెయ్యి వేయాలి, మాట్లాడకూడదు. "మరి మళ్ళీ దండం పెడతావా?" అని డిర్క్ నర్సయ్యను అడిగితే నేనే అనువదించాను. నర్సయ్య ఆలోచించి, "దండం పెట్టుడు, పెట్టకపోవుడు నా ఇష్టం సార్. ముట్టి చూసుడు డ్యూటీ" అన్నాడు. నేను రెండు సంచుల పుస్తకాలు మోసి విడదీయలేని రెండు విషయాలను అతను ఒక్క మాటలో విడదీశాడు. మర్నాటి నుంచి నా గురువు అతనే. "ఏలు తిప్పన్నా, గట్ల కాదు, చుట్టూత. కండ్లు మూస్కో, కండ్లు మోసం చేస్తయ్" అనేవాడు. మూడో రోజుకు, చూపుకు అందని నెర్రెను వేలు ఎలా పట్టుకుంటుందో నాకు తెలిసింది.

ఆ తరువాతి వారాలే నా యౌవనంలో మంచి రోజులు. హోర్తా రేవు గోడ నిండా అక్కడ ఆగిన పడవలవాళ్ళు వేసిన బొమ్మలు. బొమ్మ వేయకుండా పోతే అరిష్టమని నావికుల నమ్మకం. ఈసారి నేను నోరు విప్పి డిర్క్‌తో వాదించాను, పద్ధతిగా ఓడించాను, ఓడాక అతనూ నేనూ కలిసి బొమ్మ వేశాం, ఎందుకంటే రంగులు బాగున్నాయి. నర్సయ్య దాని కింద నలుగురి పేర్లూ తెలుగులో రాశాడు. ఫయాల్ పడమటి కొసకు నడిచి వెళ్ళాం. సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి కక్కిన బూడిద అక్కడ దిబ్బలుగా పేరుకుపోయి, ఒక దీపస్తంభం మొదటి అంతస్తు దాకా కూరుకుపోయి ఉంది. గడ్డిపోచ లేదు. నర్సయ్య ఆ బూడిద పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. ఇదే కొన్ని లక్షల ఏళ్ళు ఎండకూ వానకూ నానితే మీ ఊరి నల్లరేగడి అవుతుంది, మీ జుక్కల్ కింద ఉన్న నల్లరాయి కూడా ఒకప్పుడు ఇలాగే కాగి పారిందే అని చెప్పాను. అతను ఈసారి అడ్డుచెప్పలేదు, ఆవులించలేదు.

"నిజంగనా? మా పత్తిచేను గిట్ల పుట్టిందా?"

"ఇలాగే."

"ఇంత మంచి ముచ్చట ఇడిచిపెట్టి, పదిహేను దినాలు తాడుకు చెవులు లేవని చెప్తివేందన్నా!"

పికో కొండ ఎక్కడానికి మాకు రోజంతా పట్టింది. దారి లేదు, గడ్డకట్టిన రాతి పాయలే మెట్లు. కింద నల్లరాళ్ళు పేర్చి కట్టిన చిన్న చిన్న మడుల్లో ద్రాక్షతీగలు, పగలు కాగిన రాయి వాటికి కుంపటి. మబ్బులు దాటి పైకి వెళ్ళాక చలి. కొసన ఒక పగులులోంచి సన్నగా వెచ్చటి ఆవిరి వస్తోంది. నర్సయ్య దాని మీద చేతులు కాచుకుంటూ, "మా గుట్టలు సల్లారినయ్, ఇది ఇంకా ఉడుకుతంది" అన్నాడు. తరువాత ఆ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. నేనూ చేతులు కాచుకున్నాను.

ఈ సంగతులన్నీ రాస్తున్నది నేను మారిపోయానని చెప్పడానికి కాదు. తాడుకు చెవులు లేవు. దండం ఎవరినీ కాపాడలేదు, వేలు కాపాడింది. కానీ దండాన్ని లాగేసేటప్పుడు దానితోపాటు వేలిని కూడా లాగేసినవాణ్ణి నేను. ఆ తరువాత పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఏ ఆచారం మీద కలం పట్టినా, దాన్ని పాటించేటప్పుడు మనిషి చేతులు ఏం చేస్తున్నాయని ముందు చూశాను. చాలాసార్లు ఏమీ చేయవు, అప్పుడు నా కలానికి దయ ఉండదు. ఇప్పుడు మా ఇంటి చుట్టుపక్కల అల్ రయ్యాన్‌లో ఏ సైటు పక్కనుంచి పోయినా నర్సయ్య పనిలో చేరిన రోజుల్లో లేని బెల్టులు, వలలు, తనిఖీ జరిగిందని తగిలించే రంగు చీటీలు కనబడతాయి. ఎంతమంది ప్రాణాలు వాటివల్ల నిలిచాయో, మంచిదే. అయితే నర్సయ్యే పోయిన శుక్రవారం భోజనం దగ్గర చెప్పాడు: "ఫోన్ల చెకింగ్ లిస్టుకు టిక్ కొడతరన్నా, బెల్టు ముట్టుకోరు. టిక్కు కొట్టి కండ్లకద్దుకోరు, గంతే తేడా." పూజలో చెయ్యి మాయమైతే ఎంత ప్రమాదమో, కాగితంలో చెయ్యి మాయమైనా అంతే ప్రమాదం. పెదనాన్న ఉంటే ఈ విషయం మీద ఒక ఆదివారం వాదసభ పెట్టించేవాణ్ణి.

ఫోర్‌మన్‌గా ముప్పై ఏళ్ళ దాకా చేసి, తన కింద పనిచేసినవాళ్ళలో ఒక్కరిని కూడా పోగొట్టుకోకుండా నర్సయ్య ఇంటికి పోతున్నాడు. సుగుణ రెండోసారి పులుసు పోస్తుంటే, ఇన్నేళ్ళుగా అడగాలనుకుని అడగనిది అడిగాను. ఇక అడిగే అవకాశం రాదు కదా. తప్పు ఒప్పుకున్నాను గానీ, లోలోపల ఒక చిన్న గర్వం నాకు మిగిలే ఉంది: తప్పుడు చోటే అయినా, నా వాదన ఒక మనిషిని ఒప్పించింది.

"నర్సయ్యా, నిజం చెప్పు. ఆ రోజు పడవ మీద నేను చెప్పిన వాటిలో ఏ మాటకు నువ్వు దండం మానుకున్నావు?"

నర్సయ్య ముద్ద ఆపి, సుగుణకేసి చూశాడు, చెప్పమంటావా అన్నట్టు. ఆమె చెప్పమన్నట్టు గరిటె ఊపింది.

"ఏ మాటకూ కాదన్నా. రోజూ చెవుల్ల జోరీగ లెక్క ఒక్కటే మాట్లాడుతుంటివి. పని తెమలకపోతుండె. గెలిచినవని చెప్తే ఊకుంటవని చెప్పిన."

సుగుణ గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. "ముప్పై ఏళ్ళు! ఆ గెలుపు కథ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పారండీ ఈయన!" ఈసారి నేను విషయం మార్చలేదు. చేపముల్లు తీసుకుంటూ నేను కూడా నవ్వాను. తరువాత ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడకుండా తిన్నాం. నర్సయ్య చివర పెరుగు కలుపుకుని, నాకేసి ప్రేమగా చూసి, "గిట్లుంటే ఎంత మంచిగుంటదన్నా" అన్నాడు.